గోడవైపు కాలు

ముందే ఒప్పేసుకుంటాను, దాచి లాభం లేదు, నేను ఇప్పటిదాకా గీసిన తోడేళ్ళన్నిటికీ వెనక కాలికి ఒక వేలు ఎక్కువుంది, మొత్తం రెండు వందల పద్నాలుగు తోడేళ్ళు, లెక్క నాది కాదు, కంప్యూటర్‌లో వెతికితే అదే చెప్పింది, వాటిల్లో పిల్లల పుస్తకాల్లోకి వెళ్ళినవి ఉన్నాయి, ఒక ఆటలో పరిగెత్తేవి ఉన్నాయి, ఒకదాన్నయితే ఎవరో ముక్కూ మొహం తెలియనాయన భుజం మీద పచ్చబొట్టు పొడిపించుకుని ఫొటో పెట్టాడు, అప్పుడు మురిసిపోయాను, ఇప్పుడాయన భుజం గుర్తొస్తే నా మెడ దగ్గర వేడెక్కుతోంది, ఇంకా సిగ్గు సంగతేంటంటే కాళ్ళ విషయంలో నాకున్నంత పొగరు మా ఆఫీసులో ఇంకెవరికీ లేదు, కొత్తగా చేరినవాళ్ళు తోడేలు గీసి తెస్తే దాని మొహం చూడను, తిన్నగా కాళ్ళ దగ్గరికే పోతాను, వెనక కాలికి మోకాలు వెనక్కి వంగినట్టు గీసేవాళ్ళని పట్టుకుని, అది మోకాలు కాదు తల్లీ, మడమ, తోడేలు పుట్టినప్పట్నించీ మునివేళ్ళ మీదే నడుస్తుంది, అసలు మోకాలు పైన పొట్ట పక్కన బొచ్చులో దాక్కుని ఉంటుంది, అని లేచి నిలబడి చెప్పులు విప్పి మరీ మునివేళ్ళ మీద నడిచి చూపిస్తాను, ముందు కాళ్ళు బల్లకాళ్ళలా ఎడంగా పాతొద్దు, ఛాతీ సన్నం దానికి, మోచేతులు లోపలికి, పాదాలు కొంచెం బయటికి, భుజం ఎముకని దేనికీ తగిలించలేదు, కండరాల మీద ఊరికే వేలాడుతుంటుంది, అందుకే నడిస్తే భుజాలు అలా పైకీ కిందికీ ఆడతాయి, అని ఇంత ఉపన్యాసం ఇచ్చే మనిషికి, వేళ్ళు లెక్కపెట్టడం రాదని మొన్న మంగళవారం పొద్దున పదిన్నరకి ఒక ఫారెస్టు గార్డు ఫోన్ చేసి చెప్పింది.

ఆమె గొంతు నాకు బాగా తెలుసు, తోడేలుకీ ఊరకుక్కకీ తేడా చూపించే చార్టు పని మాకు వచ్చినప్పట్నించీ ఫొటోలు పంపుతున్నది ఆమే, నేను అక్కా అంటాను, ఆమె మేడమ్ అంటుంది, మేడమ్ వద్దక్కా పేరు పెట్టి పిలువు అంటే అలాగే మేడమ్ అంటుంది, ఆవేళ మాత్రం పలకరింపులేవీ లేకుండా, మేడమ్, మీ బొమ్మలో వెనక కాలికి లోపలివైపు వేలాడుతోందే, ఆ వేలేంటి, అంది, నేను కుర్చీలో వెనక్కి వాలి, అది ఐదో వేలక్కా, నేలకి తగలదు, తోడేలుకి గుర్తే అది, అన్నాను, ముందు కాళ్ళకి ఉంటుంది మేడమ్, వెనక ఎక్కడుంటుంది, నాకు ఊహ తెలిసినప్పట్నించీ చూస్తున్నాను, వెనక నాలుగే, వెనక వేలాడేది కుక్కల్లో కొన్నిటికి ఉంటుంది, అని ఆగకుండా, మా బోనులో ఇప్పుడొకటి ఉంది, గొర్రెల దొడ్డి దగ్గర పడింది, వెనక కాళ్ళకి నాలుగే వేళ్ళు, నేను తోడేలంటున్నాను, రేంజరు సారేమో మీరు పంపిన నమూనా చార్టు గోడకి అంటించుకుని, ఐదో వేలు లేదుగా, కుక్కే, అంటున్నారు, కుక్కల బండికి ఫోన్ కూడా చేసేశారు, నాలుగింటికి వస్తుంది, గొర్రెల్ని పట్టిన కుక్కని బండెక్కిస్తే అది మళ్ళీ రాదు మేడమ్, తోడేలని తేలితే మటుకు అడవిలో వదిలెయ్యాలి, అది రూలు, మీరొక్క ముక్క రాస్తే చాలు, నా మాటంటే సారుకి చెవిలో దోమ, మీ మాటయితే వింటారు, అంది, నేను చూసి చెప్తానక్కా అని ఫోన్ పెట్టేశాను, పెట్టేసి ముందుగా చేసిన పని ఆమెని అనుమానించడం.

అనుమానించడానికి నాకు కారణాలు దొరికాయి, కావాలనుకుంటే ఎప్పుడూ దొరుకుతాయి, ఆమెకి జాలి ఎక్కువ, కిందటి నెల నక్క పిల్లని ఆఫీసు బీరువా వెనక దాచి పాలు పట్టి తిట్లు తింది, బోనులో పడిన ప్రతిదాన్నీ వదిలెయ్యాలనే చూస్తుంది, ఇప్పుడు నా వేలు పట్టుకుని రేంజరుతో పంతం తీర్చుకుంటోందేమో, అని ఆలోచిస్తుండగానే ఆమె పంపిన ఫొటో వచ్చింది, బోను ఊచల వెనక ఒక కాలు, బురద, నాలుగు వేళ్ళు, మసక, మసగ్గా ఉంది కదా అని ఇంకో అనుమానం, కానీ ఆ కాలు పొడుగు చూస్తే, పాదం ఆ ఒళ్ళుకి మించిన సైజు చూస్తే, లోపల్నించి ఎవరో గిల్లినట్టయింది, సరే అని ఆమె ఇంతకుముందు పంపిన ఫొటోలన్నీ తెరిచాను, నలభై చిల్లర, చాలావాటిల్లో కాళ్ళు గడ్డిలోనే ఉన్నాయి, తోడేళ్ళకి నా అవస్థ ఏం పట్టింది, వెనక పాదం లోపలివైపు స్పష్టంగా కనిపించేవి పదకొండు, పదకొండింట్లోనూ ఐదో వేలు లేదు, ఒక్కదానికీ లేదు, ఇవే ఫొటోలు చూసి నేను రంగు తీసుకున్నాను, తోక తీసుకున్నాను, చెవుల వంపు తీసుకున్నాను, కాళ్ళు మాత్రం చూడలేదు, కాళ్ళు నాకు వచ్చు కదా, వచ్చినదాన్ని ఎవరు చూస్తారు, అప్పుడు కూడా, మీరు నవ్వకండి, తప్పు పదకొండు తోడేళ్ళదేమో అనే ఒక్క క్షణం అనుకున్నాను.

మా డిజైన్ హెడ్‌ని పెద్దాయన అంటాం, ముప్పై నాలుగేళ్ళే, గడ్డం వల్ల ఆ పేరు, ఆయన దగ్గరికి వెళ్ళి వెనక కాలికి ఎన్ని వేళ్ళు అంటే తలెత్తకుండా, ఐదు, మన స్టైల్ గైడు పన్నెండో పేజీ, అన్నాడు, ఆఫీసులో అందరూ చూసి గీసే పుస్తకం అది, పన్నెండో పేజీ ఎవరు రాశారు అంటే, నువ్వే, అన్నాడు, నేను దేన్ని చూసి రాశాను, కాలేజీ పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసి, ఆ బొమ్మ ఎవరు గీశారు, మా డ్రాయింగ్ టీచరు, ఆవిడ దేన్ని చూసి గీసింది, కాలేజీ మ్యూజియంలో ఉన్న తోడేలు అస్థిపంజరం చూసి, పెద్దాయన కూడా అక్కడే నేర్చుకున్నాడు, రేంజరు కూడా అక్కడే చదివాడు, ఊళ్ళో తోడేలు కాలు తెలిసిన ప్రతివాడూ ఆ గాజు బీరువా ముందు బెంచి మీద కూర్చున్నవాడే, ఆ అస్థిపంజరాన్ని తీగలతో కట్టి నిలబెట్టింది ఎవరయ్యా అంటే మా నాన్న, కాలేజీలో ఎముకలు శుభ్రం చేసి అమర్చే ఉద్యోగం ముప్పై ఏళ్ళు చేసి కిందటేడు రిటైరయ్యాడు, కళ్ళు మూసుకుని ఎముక చేతిలో పెడితే ఏ జంతువు, ఏ కాలు, కుడో ఎడమో చెప్పేవాడు, చిన్నప్పుడు మా ఇంట్లో చుట్టాలొస్తే అదే వినోదం, నా చేతిలో ఎముక తారుమారు కాలేదు అన్నమాట నాన్న నోట ఎన్నిసార్లు విన్నానో, వేరే ఇళ్ళలో నాన్నలు ఇల్లు కట్టిన సంగతి చెప్పినట్టు మా నాన్న ఈ మాట చెప్పేవాడు, ఫోన్ సంగతంతా చెప్పాక పెద్దాయన అప్పటికి తలెత్తి నా మొహం చూసి, రేంజరుకి రాసేముందు ఒకసారి ఆలోచించు, ఎందుకు తప్పయిందో కూడా రాయాల్సొస్తుంది, అన్నాడు, ఎందుకన్నాడా మాట, ఈయనకేమైనా తెలుసా, అని ఆయన గడ్డం వంక కూడా కాసేపు అనుమానంగా చూశాను.

ఆలోచించకుండా ఫోనే చేశాను, రేంజరు మర్యాదస్తుడు, అదే ఇబ్బంది, చెప్పమ్మా అన్నాడు, సార్ నా బొమ్మలో తప్పుండొచ్చు, బోనులో ఉన్నది తోడేలే అయ్యుండొచ్చు అన్నాను, ఉండొచ్చు అంటే ఎలాగమ్మా, ఆధారం, అన్నాడు, పదకొండు ఫొటోలున్నాయి సార్ అంటే, అవి తోడేళ్ళని చెప్పిందెవరు, మా గార్డే కదా, ఇప్పుడు బోనులోది తోడేలని చెప్పేదీ ఆవిడే, ఆవిడ మాటకి ఆవిడే సాక్షి అయితే నేను పై ఆఫీసుకి ఏం రాయను, కాలేజీ అస్థిపంజరానికి ఐదు వేళ్ళున్నాయి, నేను దాని ముందు కూర్చుని గీసే పరీక్ష పాసయ్యాను, అది తప్పంటారా, మీ నాన్నగారి చేతి పని కదా అది, ఆయన ఎముక తారుమారు చేశాడంటే నేను నమ్మనమ్మా, మీరే నమ్మమని చెప్తే, ఆధారం చూపిస్తే, అప్పుడు వదిలేస్తాను, నాలుగింటిదాకా ఇక్కడే ఉంటాను, అన్నాడు, గడియారం చూస్తే పదకొండు నలభై, నేను సంచీలో స్కేలు, టార్చి ఉన్న ఫోను వేసుకుని కాలేజీ బస్సెక్కాను, బస్సులో కిటికీ సీటు దొరికింది, అక్కడ్నించి నాన్న మొదలయ్యాడు, ఎందుకంటే ఏడేళ్ళప్పుడు నేను మొట్టమొదటి తోడేలుని గీసింది ఆ బెంచి మీదే, నాన్న పనిలో ఉంటే నన్నక్కడ కూర్చోబెట్టి పెన్సిలిచ్చేవాడు, గీసి చూపిస్తే నాన్న చాలాసేపు చూశాడు, బాగుందని కూడా అనలేదు, మర్నాడు ఫ్రేము కట్టించి తెచ్చి హాల్లో పెట్టాడు, ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఎన్ని తోడేళ్ళు చూపించానో, ప్రతిసారీ కళ్ళు బాగున్నాయి తల్లీ అంటాడు, బొచ్చు భలే వచ్చింది అంటాడు, ఎముకల మనిషి, కాళ్ళ గురించి ఒక్కసారీ నోరెత్తలేదు, బస్సు మలుపు తిరిగింది, ముందు సీటావిడ సంచీ నా కాలి మీద పడింది, నాన్నకి తెలుసు, నాన్నకి మొదట్నించీ తెలుసు, తెలిసే ఊరుకున్నాడు, అని ఒక్కసారిగా అనిపించి ఆవిడ సారీ చెప్తుంటే వినకుండా బయటికి చూస్తూ కూర్చున్నాను.

మ్యూజియం గది అలాగే ఉంది, మందుల వాసన, తిరుగుతూ టిక్కుమనే ఫ్యాను, అటెండరు మాత్రం కొత్తాయన, టిఫిన్ బాక్సు విప్పుకుంటూ, భోజనం టైమమ్మా, గీసుకోవడానికా, బెంచి అదిగో, అన్నాడు, బీరువాకి ఎడమవైపు ముందు మూలలో బెంచి, నేలకి మేకులతో బిగించేశారు, ఎవరూ లాక్కెళ్ళకుండా, కూర్చుంటే తోడేలు మనవైపు నడిచొస్తున్నట్టుంటుంది, ఎడమ వెనక కాలు ముందుకు వేసి, లోపలివైపు ఆ ఐదో వేలు చిన్న కామాలా వేలాడుతూ, కుడి వెనక కాలు మాత్రం అడుగున పెట్టిన ప్లాస్టరు బండ చాటున పడుతుంది, సగం కనిపించదు, అక్కర్లేదు కూడా, ఎడమది గీసి తిప్పి అతికిస్తే కుడిది వచ్చేస్తుంది, మా డ్రాయింగ్ టీచరు ట్రేసింగ్ కాగితం బోర్లించమనేది, నేను కంప్యూటర్లో అడ్డంగా ఫ్లిప్ కొడతాను, అర సెకను పని, అక్కడ కూర్చుని చెయ్యి అలవాటుగా పెన్సిల్ కోసం సంచీలోకి వెళ్తుంటే ఆగిపోయింది, నేను కుడికాలు ఎప్పుడైనా చూశానా, రెండు వందల పద్నాలుగు కుడికాళ్ళు అమ్మినదాన్ని, ఒక్కటైనా చూసి గీశానా, లేచి బీరువా వెనక్కి వెళ్ళబోతే అటెండరు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, అటెందుకమ్మా, అటు చీపుర్లుంటాయి, ఎవరూ వెళ్ళరు, అన్నాడు, చూసొస్తాను అంటే, ఏమైనా పోయిందా, అన్నాడు, లేదండీ అంటే, పోకుండా అటెవరు వెళ్తారమ్మా, అని బాక్సు మూత పెట్టి నా సంచీ వంక చూశాడు, నేను అందర్నీ అనుమానిస్తున్నప్పుడు నన్నొకరు అనుమానించడం న్యాయమే.

గోడకీ గాజుకీ మధ్య అడుగున్నర సందు, పక్కకి తిరిగి ఊపిరి బిగబట్టి దూరాను, తుడుపుకర్ర మీద పడింది, గాజు మీద దుమ్ము ఎంత మందంగా ఉందంటే చొక్కా చేతితో రెండుసార్లు తుడిస్తేగానీ అవతల ఎముకలు కనిపించలేదు, టార్చి వేశాను, కుడి వెనక కాలు, పాదం, ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్ళీ లెక్కపెట్టాను, నాలుగే, వేలు ఊడిపోయిన గుర్తు లేదు, తీగ కోసం తొలిచిన రంధ్రం లేదు, అక్కడ అసలు ఎప్పుడూ ఏమీ లేదు, ఆ కాలు అందంగా ఉంది, పొడుగ్గా, సన్నంగా, మడమ ఎత్తులో, బోనులో బురద పట్టిన ఆ కాలు లాగే, దాన్నించి ఎడమకాలి మీదికి టార్చి తిప్పితే తేడా తెలియడానికి ఎముకల డాక్టరు అక్కర్లేదు, ఎడమది పొట్టి, లావు, రంగు కూడా వేరే తెలుపు, రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టుకుని ఇన్నేళ్ళుగా అందరి ముందూ నిలబడింది ఇది, తీగల దగ్గరికి పోయాను, ప్రతి అమర్చేవాడి మెలిక వేరు, నాన్నది మూడు మెలికలు, కొసని లోపలికి మడుస్తాడు, పట్టుకున్నవాళ్ళకి గుచ్చుకోకూడదని, ఎవరో తర్వాత వచ్చి పాడు చేసుంటారు, ఎవరో ఒక అసమర్థుడు మా నాన్న పనిని కెలికి ఉంటాడు, అని ఆశపడుతూ ఎడమకాలి కీలు దగ్గర చూశాను, మూడు మెలికలు, కొస లోపలికి, నాన్నే, ఇంకెవరూ కాదు, సందులోంచి బయటికొచ్చి బెంచి మీద కూర్చుంటే అటెండరు దొరికిందా అన్నాడు, దొరికిందండీ అన్నాను, ఆయన తృప్తిగా మూత తీశాడు.

ఒంటిగంటన్నరకి ఫోన్ చేస్తే నాన్న మొదటి రింగుకే ఎత్తి, తిన్నావా తల్లీ, అన్నాడు, మ్యూజియంలో ఉన్నాను నాన్నా, తోడేలు దగ్గర, అన్నాను, అటుపక్క టీవీ చప్పుడు ఆగిపోయింది, దానికేమైంది అన్నాడు, ఎడమ వెనక కాలు ఎవరిది నాన్నా అన్నాను, దగ్గాడు, మంచినీళ్ళు తాగాడు, ఎవరడిగారు అన్నాడు, ఎవరిది అంటే ఎవరడిగారు అనేవాడు తప్పు చేసినవాడే, చిన్నప్పుడు నాకు నేర్పింది ఆయనే, నేను బోను సంగతి, కుక్కల బండి సంగతి, రేంజరన్న మాట మొత్తం చెప్పాను, నీ చేతిలో ఎముక తారుమారు కాలేదు కదా నాన్నా అని చివర్లో ఒక పోటు కూడా పొడిచాను, తారుమారు కాలేదే, కావాలనే పెట్టాను, అన్నాడు, వెనక అమ్మ గొంతు, ఎన్నాళ్ళు నానబెడతారండీ చెప్పెయ్యండి దానికి, అంటోంది, అంటే అమ్మకి కూడా తెలుసు, ఇంట్లో తెలియనిది నాకూ గోడ మీద బల్లికీ, ఆ తోడేలు వచ్చినప్పుడే దానికి ఎడమ వెనక కాలు లేదమ్మా, ఉచ్చులో తెగిపోయింది, మూడు కాళ్ళ మీదే చాలాకాలం బతికింది, ఎముక మొన నున్నగా మానిపోయి ఉంది, నేను మూడు కాళ్ళతోనే నిలబెడతానన్నాను, మా హెడ్డు ఒప్పుకోలేదు, తనిఖీకి వస్తున్నారు, కుంటి తోడేలుని చూపిస్తే నవ్వుతారు, ఏదో ఒక కాలు పెట్టెయ్ అన్నాడు, కుక్క కాలు పెట్టాను, అప్పుడు నాకు ఉద్యోగం కొత్త, అమ్మ కడుపుతో ఉంది, ఎదురు చెప్పే ధైర్యం లేదు, మరి ఆ వేలైనా తీసెయ్యొచ్చుగా నాన్నా, నాలుగే ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు, అంటే నాన్న గొంతు ఒక్కసారి పనివాడి గొంతైపోయింది, తీసేస్తే అబద్ధం పూర్తయ్యేదే, అందుకే ఉంచాను, తోడేలు తెలిసినవాడెవడైనా చూస్తే ఇదేంటి ఐదో వేలు అని అడుగుతాడు, అడిగితే చెబుదామని, అడక్కపోగా పుస్తకాల్లో ఎక్కించారు.

నేనెందుకు ఊరుకుంటాను, వాళ్ళంటే సరే, నా తోడేళ్ళు ఇరవై ఏళ్ళుగా చూస్తున్నావు, కళ్ళు బాగున్నాయి, బొచ్చు బాగుంది, నన్నెందుకు ఆపలేదు, అన్నాను, నా గొంతు నాకే నచ్చలేదు, అటెండరు కూడా తినడం మానేసి వింటున్నాడు, నాన్న, ఏడేళ్ళ పిల్లవి తల్లీ, పెద్ద పెద్ద విద్యార్థులు ఆ వేలుని ఒక గీత గీసి వదిలేస్తే నువ్వు దాని గోరుతో సహా గీసి తెచ్చావు, అంత సరిగ్గా చూసిన పిల్లకి నువ్వు గీసింది తప్పు అని ఎలా చెప్తాను, తప్పు నాదని చెప్పాలి, అది చెప్పడానికి నోరు రాలేదు, ఇవాళ చెబుదాం రేపు చెబుదాం అనుకుంటుండగా నువ్వు ఆఫీసులో చేరిపోయావు, అన్నాడు, ఆధారం కావాలన్నాడు కదా మీ రేంజరు, అని నాన్నే మళ్ళీ, పాదం వరకే చూశావా, పైన పిక్క ఎముక చూశావా, లోపలివైపు, గోడవైపు, వేలు మీద నమ్మకం లేక రాసి కూడా పెట్టాను, బెంచి వైపు రాస్తే హెడ్డు చెరిపించేవాడు, అటు రాశాను, ఇరవై తొమ్మిదేళ్ళు అటెవరో ఒకరు వస్తారనుకున్నాను, అన్నాడు, ఫోన్ పెట్టెయ్యకుండానే మళ్ళీ సందులోకి దూరాను, ఈసారి అటెండరు వచ్చి తుడుపుకర్ర పట్టుకున్నాడు, ఎడమకాలి పిక్క ఎముక లోపలివైపు, టార్చి తిన్నగా కొడితే కనిపించలేదు, పక్కనుంచి కొడితే పెన్సిలు మెరిసింది, చీమల బారులా నాన్న అక్షరాలు, ఇది కుక్క కాలు, ఈ తోడేలుకి ఈ కాలు లేదు, తోడేలు కాలు దొరికినప్పుడు మార్చాలి, కింద సంతకం, తేదీ, నేను పుట్టడానికి రెండు నెలల ముందు తేదీ.

ఏడు ఫొటోలు తీశాను, కుడికాలు, ఎడమకాలు, రెండూ పక్కపక్కన స్కేలు పెట్టి, తీగ మెలిక, అక్షరాలు, మెయిల్ తెరిచి రేంజరుకి రాయబోతే వేలు ఆగింది, ఇది పంపితే రేంజరు పై ఆఫీసుకి పంపుతాడు, వాళ్ళు కాలేజీకి రాస్తారు, ఎముక తారుమారు చెయ్యని మనిషి అన్న పేరు సాయంత్రానికి ఉండదు, ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది, నాన్నా, పంపితే నీ సంతకం కూడా కనిపిస్తుంది అన్నాను, కనిపించాలనేగా పెట్టింది అన్నాడు, కొంచెం ఆగి, టైమెంత అన్నాడు, రెండూ పది, అయితే నన్నడుగుతూ కూర్చుంటావేంటే, పంపు, అన్నాడు, పంపాను, ఐదో వేలు తప్పు, నా బొమ్మ తప్పు, నేను చూసి గీసిన కాలు తోడేలుది కాదు, ఈ చేతిరాత మా నాన్నది, నేను గుర్తుపడతాను, అని నాలుగు వాక్యాలు, రేంజరు పావుగంట పలకలేదు, ఆ పావుగంటలో ఆయన మెయిల్ చూడడని, చూసినా పరువు కోసం ఒప్పుకోడని, బండి ముందే వచ్చేసిందని, అన్ని రకాలుగా అనుకున్నాను, రెండున్నరకి ఒక్క లైను వచ్చింది, నేను కూడా ఎప్పుడూ అటువైపు వెళ్ళలేదమ్మా, బండి వద్దని చెప్పేశాను, అని.

నాలుగు దాటాక గార్డక్క వీడియో పంపింది, జీపు వెనక బోను, తలుపు పైకి లేచింది, లోపలున్నది వెంటనే రాలేదు, మనందరి మీదా దానికి అనుమానం, ఎంతకీ రాదు, జీపులోంచి ఎవరో దగ్గారు, అప్పుడొక్కసారిగా బూడిదరంగు గీత ఒకటి బయటికి పడి గడ్డిలో కలిసిపోయింది, అంతే, ఆరు సెకన్లు, కాళ్ళు చూద్దామని ఎన్నిసార్లు ఆపి ఆపి చూశానో, ఒక్క ఫ్రేములోనూ కాలు కనిపించలేదు, నాకు అదేం పెద్ద బాధనిపించలేదు, ఆఫీసుకి వెళ్ళి పన్నెండో పేజీ తెరిచి వెనక కాళ్ళు రెండూ తీసేసి కూర్చున్నాను, రెండూ వేటికవి కొత్తగా గియ్యాలి, చెయ్యి కొత్తవాళ్ళ చెయ్యిలా తడబడుతోంది, పెద్దాయన వచ్చి వెనక నిలబడి ఫ్లిప్ కొట్టొచ్చుగా అన్నాడు, కొట్టను అన్నాను, అప్పుడు తట్టింది నాకు, పొద్దున్నించీ గార్డక్క దగ్గర మొదలుపెట్టి కన్నతండ్రి దాకా ఒక్కొక్కర్నీ అనుమానించుకుంటూ వచ్చాను, అందర్నీ బెంచి మీద కూర్చునే అనుమానించాను, నేను తప్పు చూడలేదు, ఉన్నదాన్ని ఉన్నట్టే చూశాను, గోరుతో సహా చూశాను, చూసిన సగాన్నే తిప్పి అతికించి రెండో సగం అనుకున్నాను, తోడేలుకీ, నాన్నకీ కూడా, లేచి అటు వెళ్ళడానికి పట్టింది పన్నెండు అడుగులు, ఆ పన్నెండు అడుగులకి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది, మీకూ ఎక్కడో ఒక బెంచి ఉండే ఉంటుంది, నేలకి బిగించేసిందే, మీరు దాని మీద నుంచి లేచి గోడవైపుకి ఎప్పుడు వెళ్ళారో, దుమ్ము తుడిస్తే అక్కడ ఎవరి చేతిరాత కనిపించిందో, ఏం రాసి ఉందో, నాకు రాయండి, పెద్దదైనా పరవాలేదు, చదువుతాను.